మన వెట్టి కథ రాసిన కిషన్ చందర్



ప్రతి వార్షికోత్సవ సంచికలోనూ ఒక మహనీయుని జీవిత విశేషాలు రాయడం మన హాస్టల్‌లో ఆనవాయితీ. మా సీనియర్ అన్నలు డాక్టర్ అంబేద్కర్ గురించి రాశారు. జ్యోతిరావు ఫూలే గురించి రాశారు. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గురించి రాశారు. ఈసారి మేము ఎంచుకున్న పేరు చెప్పగానే రూముల్లో చాలామంది ఎవరాయన అన్నట్టు చూశారు. ఆయనది మన జిల్లా కాదు. తెలుగువాడూ కాదు. ఎక్కడో ఉత్తరాదిన పుట్టి ఉర్దూలో రాసిన మనిషి. అయినా మన తాతముత్తాతలు చేసిన వెట్టి మీద ఒక నవల రాశారు. ఆ నవల ఆధారంగా తెలుగులో ఒక గొప్ప సినిమా వచ్చింది. ఆ రచయిత కిషన్ చందర్. ఆ సినిమా మా భూమి.

ఆయన మాకు ఎట్లా తెలిశారో ముందు చెప్పాలి. పోయిన ఏడాది వార్షికోత్సవానికి పాత విద్యార్థులు ఒక ప్రొజెక్టర్ తెచ్చారు. భోజనాల హాల్లో గోడకు తెల్ల దుప్పటి కట్టి మా భూమి వేశారు. మొదట్లో వెనక వరుసలో చిన్న తమ్ముళ్లు గోల చేశారు. నలుపు తెలుపు సినిమా, ఫైట్లు లేవు, తెలిసిన హీరో లేడు. అరగంట గడిచేసరికి గోల ఆగింది. సినిమా అయిపోయి లైట్లు వేసినప్పుడు మా వాచ్‌మన్ తాత తలుపు దగ్గర కూర్చుని కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు. తన తండ్రి కూడా ఒక దొర గడీలో కూలి లేకుండా పని చేశాడని, పండుగనాడు కూడా ఇంట్లో ఉండనిచ్చేవారు కాదని ఆ రాత్రి మాకు చెప్పాడు. అన్నేళ్లుగా రోజూ చూసే తాత ఆ మాట అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు. ఇంత దుఃఖాన్ని కదిలించిన కథ ఎవరిదా అని వెతికితే కిషన్ చందర్ దొరికారు.

బాల్యం, చదువు

కిషన్ చందర్ 1914 నవంబరు 23న పుట్టారు. తండ్రి డాక్టరు. ఆయన ఉద్యోగం పూంఛ్ సంస్థానంలో కావడం వల్ల కిషన్ చందర్ బాల్యం కాశ్మీరు కొండల మధ్య గడిచింది. మన కొల్లాపూర్ సురభి రాజుల జటప్రోలు సంస్థానానికి రాజధాని అయినట్టే పూంఛ్ కూడా ఒక చిన్న సంస్థానానికి ముఖ్యపట్టణం. రాజు, ఉద్యోగులు, వారి కింద రైతులు, అందరికన్నా కింద పాకీ పని చేసేవాళ్లు. డాక్టరు గారి అబ్బాయిగా ఆయనకు ఏ లోటూ లేదు. కానీ ఆస్పత్రి ఆవరణలో పెరిగిన పిల్లవాడికి పేదవాడి రోగం, పేదవాడి చావు దగ్గరగా కనిపించాయి.

బడిలో ఉన్నప్పుడే తమకు పాఠం చెప్పే మాస్టారి మీద ఒక వ్యంగ్య రచన చేసి పత్రికకు పంపారు. అది అచ్చయింది. ఇంట్లో తండ్రి చేత గట్టిగా తిట్లు తిన్నారు. (మా వార్డెన్ సారు ఈ వాక్యం చదివి నవ్వి ఊరుకున్నారు.) తర్వాత లాహోరులోని ఫోర్మన్ క్రిస్టియన్ కాలేజీలో చదివారు. ఇంగ్లీషులో ఎం.ఏ. చేశారు, న్యాయశాస్త్రం కూడా చదివారు. ప్లీడరు కావాలని ఇంట్లోవాళ్ల కోరిక. ఆయన మాత్రం కలం పట్టారు.

రేడియో, సినిమా

చదువు తర్వాత ఆల్ ఇండియా రేడియోలో చేరారు. లాహోరు, ఢిల్లీ, లక్నో కేంద్రాల్లో పని చేశారు. ఢిల్లీలో సాదత్ హసన్ మంటో, ఉపేంద్రనాథ్ అశ్క్ వంటి రచయితలు ఆయన సహోద్యోగులు. తర్వాత పూనాలోని షాలిమార్ పిక్చర్స్ పిలుపు మీద ఉద్యోగం వదిలి సినిమా రంగానికి వచ్చారు. అక్కడి నుంచి బొంబాయి చేరి జీవితాంతం అక్కడే ఉన్నారు.

1943లో బెంగాల్‌లో ఘోరమైన కరువు వచ్చింది. లక్షలాది మంది ఆకలితో చనిపోయారు. దాని మీద ఆయన అన్నదాత అనే పెద్ద కథ రాశారు. ఆ కథను, బిజన్ భట్టాచార్య నాటకాలను ఆధారం చేసుకుని ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ 1946లో ధర్తీ కే లాల్ సినిమా తీశారు. దాన్ని నిర్మించింది పెద్ద కంపెనీ కాదు, ప్రజా నాట్యమండలి మాతృసంస్థ అయిన ఇప్టా. ఆయన రచన సొంతకాళ్ల మీద నిలబడిన సినిమాగా మారడం అప్పుడే మొదలైంది. 1947లో సరాయ్ కే బాహర్ అనే సినిమాకు తానే దర్శకత్వం వహించారు. అది ఆడలేదు. తర్వాత ఎన్నో హిందీ సినిమాలకు సంభాషణలు రాశారు. ఇల్లు గడవడానికి సినిమా, మనసుకు నచ్చింది రాయడానికి పుస్తకం అన్నట్టు సాగింది ఆయన బతుకు.

దేశ విభజనలో చదువుకున్న లాహోరు పరాయి దేశమైపోయింది. అప్పటి మారణకాండ మీద ఆయన రాసిన కథలు హమ్ వహ్షీ హై అనే సంపుటిగా వచ్చాయి. వాటిలో పెషావర్ ఎక్స్‌ప్రెస్ కథను ఒక రైలు బండే చెబుతుంది. హిందువులు చంపినా, ముస్లింలు చంపినా చచ్చింది మనిషేనని ఆ రైలు సాక్ష్యం చెబుతుంది.

కాలూ కథ

మన హాస్టల్ పిల్లలందరూ తప్పక చదవాల్సిన కథ ఆయనది ఒకటుంది. దాని పేరు కాలూ భంగీ. పూంఛ్ లాంటి ఊళ్లో, రచయిత తండ్రి పనిచేసే ఆస్పత్రిలో, పాకీ పని చేసే మనిషి కథ అది. కాలూ రోగుల మలమూత్రాలు ఎత్తిపోస్తాడు. అతనికి నెలకు 8 రూపాయల జీతం. పిండికెంత, ఉప్పుకెంత, పొగాకుకెంత అని ఆ 8 రూపాయల లెక్కంతా కథలో ఉంటుంది. మనుషులు దగ్గరికి రాని అతనికి ఆవు వచ్చి తల నాకడం ఒక్కటే సుఖం.

అందులో మమ్మల్ని పట్టుకున్న సంగతి వేరే ఉంది. కాలూ ఏళ్ల తరబడి తన ఎదుట నిలబడి తన కథ రాయమని అడుగుతున్నట్టు రచయితకు అనిపిస్తుంది. ఇతని బతుకులో కథ ఏముంది, ప్రేమ లేదు, పెళ్లి లేదు, మలుపు లేదు అని తప్పించుకుంటూ వస్తాడు. చివరికి రాయడానికి కూర్చున్నాక, కథ లేకపోవడం కాలూ తప్పు కాదని, తనకు చూడడం రాలేదని, కాలూ చేతిలోని చీపురు దిగే రోజు దాకా ఈ కథ పూర్తి కాదని తెలుస్తుంది. చదువుకున్నవాడు పేదవాడి గురించి రాసేటప్పుడు ఎక్కడ ఓడిపోతాడో ఆయన దాచుకోకుండా చెప్పారు. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధిస్తూ మన దేశంలో 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టాలు చేయాల్సి వచ్చింది. కాలూ ఇంకా నిలబడే ఉన్నాడన్నమాట.

హైదరాబాదుతో బంధం

బొంబాయిలో ఉన్న రచయితకు తెలంగాణ ఎట్లా తెలిసింది? అప్పటి హైదరాబాదు ఉర్దూ సాహిత్యానికి పెద్ద కేంద్రం. 1945లో అభ్యుదయ ఉర్దూ రచయితల మహాసభ అక్కడ జరిగింది. కిషన్ చందర్ రైల్లో బొంబాయి నుంచి వచ్చి పాల్గొన్నారు. ఆ ప్రయాణాన్ని, ఆ సభలను పౌదే అనే చిన్న పుస్తకంగా రాశారు. పౌదే అంటే మొక్కలు. మెదక్ జిల్లా అందోలులో పుట్టి హైదరాబాదులో కార్మిక సంఘాలు కట్టిన కవి మఖ్దూం మొహియుద్దీన్ ఈ అభ్యుదయ రచయితలకు ఆత్మీయుడు.

మరుసటి ఏడాది పల్లెలు కదిలాయి. 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొర మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలయ్యాడు. వెట్టి వద్దు, భూమి దున్నేవాడిదే అంటూ నల్లగొండ, వరంగల్, ఖమ్మం ప్రాంతాల్లో రైతాంగం తిరగబడింది. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. పోరాటం మాత్రం 1951 అక్టోబరు దాకా సాగింది. నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాసిన చరిత్ర ప్రకారం సుమారు 3000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచారు, 4000 మంది దాకా ప్రాణాలు కోల్పోయారు.

పొలాలు మేల్కొన్నప్పుడు

పోరాటం ఆగిన వెంటనే, 1952లో, కిషన్ చందర్ జబ్ ఖేత్ జాగే నవల వెలువరించారు. పొలాలు మేల్కొన్నప్పుడు అని ఆ పేరుకు అర్థం. జైల్లో ఒక రాత్రితో నవల నడుస్తుంది. తెల్లవారితే ఉరి. ఆ గదిలో 22 ఏళ్ల రాఘవరావు తన బతుకును గుర్తు చేసుకుంటాడు. తండ్రి వీరయ్య వెట్టివాడు. తానూ వెట్టివాడిగానే పుట్టాడు. ఊరు వదిలి పట్నం పోవడం, అక్కడ కార్మిక నాయకుడు మక్బూల్ పరిచయం, అక్షరాలు నేర్చుకోవడం, తిరిగి ఊరికి వచ్చి పోరాడడం అన్నీ ఆ రాత్రి జ్ఞాపకాలే. ఉరితాడు ఎదురుగా ఉన్నా రాఘవరావుకు భయం ఉండదు.

గొప్ప నవల. కానీ మేము మా పెద్దలకు ఆ కథ చెబుతుంటే హీరో పేరు దగ్గరే ఆగిపోయారు. వెట్టివాడి కొడుకుకు రాఘవరావు అని పేరేంటని అడిగారు. నిజమే. తెలంగాణ పల్లెలో రావు అనేది సాధారణంగా దొర పేరు చివర ఉండే మాట. వెట్టివాడి కొడుక్కు రాఘవులు అని పేరు పెట్టుకున్నా, గడీలో దాన్ని కూడా విరిచే పిలిచేవారు. మనిషిని పూర్తి పేరుతో పిలవకపోవడం కూడా వెట్టిలో భాగమే. దూరం నుంచి ప్రేమతో చూసిన రచయితకు ఆ బాధ అర్థమైంది, పేరులో ఉన్న అంతరం అందలేదు. ఇది ఆయనను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఆనాటికి ఈ కథను దేశమంతటికీ చెప్పిన పెద్ద రచయితలు ఎందరున్నారు? కానీ కథ ఇంటికి చేరాలంటే ఇంకొక అడుగు పడాలి.

నవల సినిమా అయిన తీరు

ఆ అడుగు పాతికేళ్లకు పైగా గడిచాక పడింది. మెదక్ జిల్లా ప్రజ్ఞాపూర్‌కు చెందిన బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా ఈ నవలను సినిమా తీయాలనుకున్నారు. తెలుగు సినిమా అప్పుడు మద్రాసులో ఉండేది. స్టూడియో సెట్లు, పెద్ద తారలు, పాటలు, ఫైట్లు ఉంటేనే సినిమా అనుకునే కాలం. వీళ్లు ఆ దారి పట్టలేదు. బెంగాల్ ఆకలి మీద హంగ్రీ ఆటమ్ అనే డాక్యుమెంటరీ తీసిన యువకుడు గౌతమ్ ఘోష్‌ను దర్శకుడిగా పిలిచారు. ఆయనకు ఇదే మొదటి కథాచిత్రం. ఆయనకు తెలుగు రాదు.

మరి రచయితా బయటివాడు, దర్శకుడూ బయటివాడు. ఆ సినిమా మన సినిమా ఎట్లా అయింది? మేము సినిమాను మళ్లీ చూస్తూ నవలతో పోల్చుకున్నాం. మాకు తోచిన మార్పులు ఇవి.

మొదటిది పేరు. రాఘవరావు సినిమాలో రామయ్య అయ్యాడు. పేరు మారగానే మనిషి మన వాడకట్టులోకి వచ్చాడు. ఆ పాత్ర వేసిన సాయిచంద్‌కు అదే మొదటి సినిమా. ఆయన రచయిత త్రిపురనేని గోపీచంద్ కుమారుడు.

రెండోది కథ చెప్పే పద్ధతి. నవల ఒక మనిషి జ్ఞాపకం. తెర మీద జ్ఞాపకాన్ని మాటలతో చెబితే ప్రసంగంలా ఉంటుంది. అందుకే సినిమాలో జైలు రాత్రిని తీసేసి కథను ఊరి నుంచి వరుసగా నడిపించారు. రామయ్య ఒక్కడి కథ కాకుండా ఊరి కథ అయింది. అతను ఇష్టపడిన లంబాడీ అమ్మాయి చంద్రి దొర చేతిలో పడడం, ఆ బాధతో అతను పట్నం పోవడం, మక్బూల్ దగ్గర చదువు నేర్చుకోవడం, తిరిగి రావడం మన కళ్ల ముందే జరుగుతాయి.

మూడోది పాట. నవలలో రచయిత తన మాటల్లో చెప్పిన ఆవేదనను సినిమాలో జనం పాటలు చెప్పాయి. పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ తెర మీద గొంగడి, కర్రతో పాడారు. నల్లగొండ జిల్లా సుద్దాలకు చెందిన సుద్దాల హనుమంతు పసులు కాసే పిల్లవాడి మీద రాసిన పాట వచ్చినప్పుడు మా హాల్లో ఎవరూ కదలలేదు. మాలో సగం మందిమి సెలవుల్లో మేకలు కాసినవాళ్లమే. ఈ పాటలు సినిమా కోసం పుట్టినవి కావు. జనంలో తిరిగి తిరిగి సినిమాలోకి వచ్చినవి.

నాలుగోది ఊరు. మెదక్ జిల్లా మంగళపర్తిలో, నిజమైన గడీలో, ఊరి జనం మధ్య షూటింగ్ చేశారు. తెర మీద కనిపించే ఎన్నో ముఖాలు ఆ ఊరివాళ్లవే. దొర ముందు చేతులు కట్టుకుని నిలబడడం వాళ్లకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. తెలంగాణ యాసను నవ్వులాటకు కాకుండా మనిషి మాటగా వినిపించిన తొలి తెలుగు సినిమాల్లో ఇది ఒకటి.

ఐదోది ముగింపు. నవలలో వీరుడు ఉరికంబం ఎక్కుతాడు. సినిమాలో 1948 తర్వాత ఊరు వదిలి పారిపోయిన దొర ఖద్దరు వేసుకుని తిరిగి వస్తాడు. రామయ్య పోరాటంలోనే నేలకొరుగుతాడు. రాజు మారినా దొర మారలేదన్న చేదు నిజాన్ని ఆ ఒక్క ఖద్దరు బట్ట చెప్పింది. మా వాచ్‌మన్ తాత కళ్లు తుడుచుకున్నది సరిగ్గా అక్కడే.

మా భూమి 1980 మార్చి 23న, భగత్ సింగ్ వర్ధంతి నాడు విడుదలైంది. హైదరాబాదులో ఉదయం ఆటలుగా నెలల తరబడి ఆడింది. 2013లో ఒక జాతీయ టీవీ చానల్ వందేళ్ల భారతీయ సినిమాలో 100 గొప్ప చిత్రాలు ఎంచితే అందులో మా భూమికి చోటు దక్కింది. నర్సింగరావు తర్వాత తానే దర్శకుడై 1988లో దాసి తీసి గడీలో ఆడబాపల బతుకు చూపించారు.

చూడకుండానే పోయారు

విచారకరమైన విషయం ఏమంటే కిషన్ చందర్ ఈ సినిమా చూడలేదు. 1977 మార్చి 8న బొంబాయిలో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన 20కి పైగా నవలలు, 30 దాకా కథాసంపుటాలు, ఎన్నో రేడియో నాటికలు రాశారు. ఒక గాడిద ఆత్మకథ పేరుతో ఆఫీసుల మీద, నాయకుల మీద ఆయన వేసిన వ్యంగ్యం దేశమంతా చదివి నవ్వుకుంది. 1969లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. జీవితమంతా సినిమాలకు మాటలు అమ్మి బతికిన ఆయనకు, తన నవల నుంచి పుట్టిన ఈ సినిమాను చూసే భాగ్యం లేకపోయింది.

ఒక్కోసారి మాకు అనిపిస్తుంది. ఆయన ఉండి ఆ సినిమా చూసి ఉంటే తన రాఘవరావు రామయ్యగా మారినందుకు కోపపడేవారా? కాలూ కథ రాసిన మనిషి కోపపడరని మా నమ్మకం. తాను చూడలేకపోయింది వేరేవాళ్లు చూసి పూరించారని సంతోషించి ఉండేవారు.

మనం చేయవలసింది

ఈ జీవితం నుంచి మేము నేర్చుకున్నది ఒకటుంది. మన బాధను రాయడానికి మన కులంలో, మన ఊళ్లో పుట్టి ఉండాల్సిన పని లేదు. ఎక్కడి మనిషైనా మనసు పెడితే రాయగలడు. అట్లా రాసినవాళ్లను మరచిపోకూడదు. కానీ వాళ్లు రాసింది నిండు కథ కావాలంటే ఆ కథ ఎవరిదో వాళ్ల చెయ్యి కూడా పడాలి. మన పేర్లు, మన పాట, మన మాట మనమే అందించాలి.

అందుకే ఈ ఏడాది మేము ఒక పని మొదలుపెట్టాం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరం మా తాతనో అవ్వనో కూర్చోబెట్టి వాళ్ల తల్లిదండ్రులు ఏ పని చేసేవారో, కూలి ఇచ్చేవారో లేదో, వాళ్లను ఏమని పిలిచేవారో అడిగి నోటుబుక్కులో రాసుకున్నాం. మొదటి పేజీ మా వాచ్‌మన్ తాత తండ్రిది. ఆ నోటుబుక్కు ఇప్పుడు మా స్టడీ హాల్ బీరువాలో ఉంది. పాత విద్యార్థులు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు దాన్ని తీసి చదవాలని, మీ ఇంటి పెద్దల పేజీ ఒకటి రాసి పోవాలని కోరుతున్నాం. పేరు మాత్రం పూర్తిగా రాయండి. గడీలో విరిచి పిలిచిన పేరు కాదు, తల్లి పెట్టిన పేరు.

ఇట్లు
సంచిక సంపాదకవర్గం,
సాంఘిక సంక్షేమ వసతి గృహ విద్యార్థులు, కొల్లాపూర్